మన్నూబియా పేరు మీద

“ఫోను ఇలా ఇవ్వు, నెస్రీన్.”

“ఇవ్వను.”

“అది నీది కాదు.”

“నీదీ కాదు అన్నయ్యా. అమ్మది.”

లొత్ఫీ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. నెస్రీన్ ఫోనుని రెండు చేతులతో పొట్టకి అదుముకుని, లోగిట్లో నిమ్మచెట్టు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. తండ్రి హేది పీట మీద కూచుని పన్నీరు దించే రాగి కాగు తోముతున్నాడు. పొద్దుటి నుంచీ తోముతూనే ఉన్నాడు. అది తళతళలాడి ఎంతసేపైందో ఆయనకి పట్టలేదు.

వంటింటి గుమ్మంలోంచి ఖాల్తీ సాల్హా అందుకుంది. చనిపోయిన వాళ్ళమ్మ మన్నూబియాకి చెల్లెలు, పిల్లలకి ఖాల్తీ, అంటే పిన్ని. మసూరపప్పు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది.

“కొట్టుకోండి, కొట్టుకోండి. నలభయ్యో రోజు వెళ్ళి వారం కాలేదు. గోడవతల వాళ్ళకి కూడా వినబడేలా కొట్టుకోండి.”

లొత్ఫీ గొంతు తగ్గించాడు. అతను గట్టిగా అరిచే మనిషి కాదు. హమ్మామెత్‌లో హోటల్ వంటశాలలో పని. సెలవు పెట్టుకుని, తల్లి ఫోటోలు తీసేసే ఈ ఒక్క పని కోసమే సొంత ఊరు నాబెల్ వచ్చాడు.

“నెస్రీన్, నా మాట విను. అమ్మ మట్టిలో ఉంది. ఆమె మొహం మాత్రం ఇంకా లోకమంతా చూస్తోంది. ఎవడు చూస్తున్నాడో, ఏ కంటితో చూస్తున్నాడో మనకి తెలీదు. చూసిన ప్రతివాడి చూపూ ఆమె లెక్కలోకి పోతుంది. బతికున్నప్పుడు ఆమె ఇష్టం. ఇప్పుడు ఆమె చెయ్యి ఎత్తి ఆపలేదు కదా. ఆపాల్సింది మనం.”

“ఏ ఫోటో చూసి ఆమె మీద పాపం రాస్తారు? గరాటు పట్టుకున్నదా? పూలు ఆరబోస్తున్నదా? తల మీద గుడ్డ లేని ఫోటో ఒక్కటి చూపించు.”

“నవ్వుతూ ఉంది.”

“అవును. నవ్వేది.”

లొత్ఫీ తల పక్కకి తిప్పుకున్నాడు.

“ఆసుపత్రిలో నాతో అంది,” అంది ఖాల్తీ. “‘సాల్హా, నా బొమ్మలు ఉంచకండే’ అంది. నా చెవులతో విన్నాను.”

“నేను మందులు తేవడానికి వెళ్ళినప్పుడే అందా ఖాల్తీ?”

“అంటే నేను అబద్ధాలాడుతున్నానంటావా? సరేలేవే. నీకు చదువుంది, నాకు నోరుంది. అంతేగా తేడా!”

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నెస్రీన్ ఒక్కతే. వ్యాపార నిర్వహణలో పట్టా పుచ్చుకుని, ఉద్యోగాలకి కాగితాలు పెట్టి పెట్టి విసిగి, తల్లి పక్కన కూచుని సీసాలకి బిరడాలు బిగించింది. ఆ పట్టా ఇప్పుడు బీరువాలో ఉంది. తల్లి ఫోను చేతిలో ఉంది.

ఆ ఫోనులో ఉన్నది ఫేస్‌బుక్ ఖాతా ఒక్కటే. దానికి దుకాణం పేరు లేదు, బోర్డు లేదు. మన్నూబియా తన సొంత పేరుతో, తన మొహంతో తెరిచిన ఖాతా. నారింజపూల పన్నీరు కావలసిన ఆడవాళ్ళు ఆ మొహాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పిల్లాడికి కడుపునొప్పి అని ఒకరు, పెళ్ళివారికి కాఫీలోకి అని ఒకరు. ఆవిడకి రాయడం అంతగా రాదు. అందరికీ నోటితోనే చెప్పి, ఆ గొంతే రికార్డు చేసి పంపేది. తండ్రి చూపు మందగించి అద్దెకారు నడపడం మానేశాక ఇల్లు గడిచింది ఆ మాటల మీదే.

ఇప్పుడు నారింజతోటలు విరగబూశాయి. పొద్దున్నే, ఏటా పూలు పోసే తయ్యెబ్ మామ తోటలోంచి ఫోను చేశాడు.

“అమ్మాయీ, కాగు పొయ్యెక్కుతుందా, లేదా? మీ అమ్మ ఉంటే అడిగేవాణ్ణి కాదు. సాయంత్రం అస్ర్ నమాజు లోపల చెప్పు. లేకపోతే కంపెనీ లారీ వాడు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు, వాడికి పోసేస్తాను. కోసిన పువ్వు నా మాట విని ఆగదు కదా.”

కోసిన పువ్వు ఒక రాత్రి గడిస్తే చాలు, అంచులు గోధుమరంగు తిరుగుతాయి. ఈ ఏడు కాగు పొయ్యెక్కకపోతే ఆ ఆడవాళ్ళందరూ మరో ఇల్లు చూసుకుంటారు. చూసుకున్నాక మళ్ళీ రారు. ఫోటోలు పోతే ఖాతాలో మొహం పోతుంది. మొహం పోతే వాళ్ళు ఎవర్ని వెతుక్కుంటారు? నెస్రీన్ పొద్దుటి నుంచీ చెప్పాలనుకుంటున్నది ఇదే. నోరు తెరిస్తే మాత్రం ప్రతిసారీ పోట్లాటే వస్తోంది.

“లొత్ఫీ.” కాగు తోముతున్న చెయ్యి ఆగింది. “సాయంత్రం దాకా ఆగరా.”

అందరూ హేది వైపు చూశారు. భార్య పోయాక ఆయన నోటివెంట పూర్తి మాట రావడమే గగనమైపోయింది.

“పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినబడే దాకా ఆగుతాను బాబా. ఆ తరవాత నేనే తీసేస్తాను. ఈలోగా అది ఏం చేసుకుంటుందో చేసుకోనీ.”

* * *

కాఫీ కాచింది నెస్రీన్. నాలుగు కప్పులు, ఒక్కోదాంట్లో రెండేసి చుక్కల పాత పన్నీరు. పోయినేటి సరుకులో మిగిలిన ఆఖరి సీసా అది. వాసన తగలగానే ఖాల్తీ కళ్ళు తుడుచుకుంది.

“చెప్పు,” అన్నాడు హేది. “ఏం చేస్తావు?”

“అమ్మ ఖాతా కాకుండా మనకంటూ వేరే చోటు పెడతాను బాబా. ఉన్నవాళ్ళందర్నీ అక్కడికి రమ్మంటాను. ఆ తరవాత అన్నయ్య ఏం తీసేసుకున్నా నష్టం లేదు.”

ఆ ఆఖరి మాట నిజం కాదని ఆమెకి తెలుసు. లొత్ఫీకీ తెలిసినట్టే ఉంది, కప్పులోకి చూస్తూ కూచున్నాడు.

“ఎక్కడ పెడతావు?”

“అదే ఆలోచిస్తున్నాను. ఇన్‌స్టాగ్రామ్ ఉంది. అక్కడంతా అందం మీద నడుస్తుంది. తెల్ల గుడ్డ, దాని మీద సీసా, పక్కన రెండు పూలు. ట్యూనిస్ పెళ్ళికూతుళ్ళు చూస్తారు. చూసి ముచ్చటపడతారు. కానీ కొనేది వాళ్ళు కాదు, వాళ్ళ అత్తలు. అత్తలు అక్కడ ఉండరు.”

“ఏదో డాన్సులేస్తారు చూడు, అదీ?” అంది ఖాల్తీ.

“టిక్‌టాక్. అందులో మనిషి కనిపించాలి ఖాల్తీ. చెయ్యో, గొంతో, మొహమో. ఎంత కనిపిస్తే అంత దూరం పోతుంది.”

“వద్దు,” అన్నాడు లొత్ఫీ.

“వద్దనే అనుకున్నాను. నీకోసం కాదులే. నాకు రాదు.”

ఎందుకో లొత్ఫీ పెదవి కొంచెం వంగింది. చిన్నప్పుడు బంధువుల పెళ్ళిలో డప్పు మోగగానే ఆమె బల్ల కింద దాక్కున్న సంగతి గుర్తొచ్చి ఉంటుంది. అంతలోనే ఆ నవ్వు పోయింది.

“వాట్సాప్ మంచిది. గుట్టుగా ఉంటుంది, ఒకరు అడిగింది ఇంకొకరికి తెలీదు. కానీ మన నంబరు తెలిసినవాళ్ళే వస్తారు. కొత్తవాళ్ళకి దారి ఉండదు. అందుకని ఫేస్‌బుక్‌లోనే విడిగా ఒక దుకాణం పేజీ పెట్టి, అడిగేవాళ్ళు వాట్సాప్‌లో అడగండి అని చెబుతాను. అమ్మ మనుషులు ఉన్నది అక్కడే. వాళ్ళు కొత్త వీధికి రారు. అదే వీధిలో పక్క గుమ్మం అయితే వస్తారు. నాలుగు చోట్లా పెడితే నాలుగింటికీ జవాబు చెప్పడానికి నేనొక్కదాన్నే.”

హేది తల ఊపాడు. “ఇవన్నీ ఊరికేనా?”

“ఊరికే బాబా. అద్దె లేదు.”

“ఊరికే ఇచ్చినవాడు ఎప్పుడైనా తలుపు వేసేసుకోవచ్చుగా. అడగడానికి మన చేతిలో రసీదు కూడా ఉండదు.”

“మనం ఏ తప్పూ చెయ్యకపోతే ఎందుకు వేస్తారు?”

ఆయన కాగు మీద లేని మరకని బొటనవేలితో రుద్దాడు.

“పేరేం పెడతావు?” అన్నాడు లొత్ఫీ.

“అమ్మ పేరే. మన్నూబియా పన్నీరు.”

“ఆ పేరు వద్దు.”

“ఫోటో వద్దన్నావు, సరే. పేరు కూడానా?”

“పరాయివాళ్ళ నోళ్ళలో, బేరాల మధ్య. ‘మన్నూబియా ఎంత, మన్నూబియా తగ్గించరా’ అని. నా తల్లి పేరు అది.”

“నాకు కాదా?”

“నీకు నోటికొచ్చింది నువ్వు పెట్టుకో. ఆ పేరు పెడితే ఈ ఇంటి గడప తొక్కను.”

ఖాల్తీ ఎప్పుడో ఏరేసిన పప్పుని మళ్ళీ ఏరడం మొదలెట్టింది.

* * *

పేరు తేలలేదు. పొద్దు మాత్రం వాలుతోంది. నెస్రీన్ పై గదిలోకి వెళ్ళి తల్లి మంచం మీద కూచుంది. పేరు సంగతి తరవాత చూసుకోవచ్చు, ముందు ఆడవాళ్ళకి కబురు చెప్పాలి అనుకుంది. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

“నేను మన్నూబియా కూతురు నెస్రీన్‌ని. మా అమ్మ మమ్మల్ని వదిలి అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయింది. ఆమె చేసినట్టే ఈ ఏడు కూడా మా ఇంట్లో పన్నీరు దించుతున్నాం. కావలసినవాళ్ళు చెప్పండి. ఇకమీదట ఎక్కడ అడగాలో సాయంత్రం లోపల ఇక్కడే రాస్తాను.”

తల్లి ఫోటోల్లో ఒకటి పైన పెట్టింది. గరాటు పట్టుకుని నవ్వుతున్నదే. పెట్టి, కళ్ళు మూసుకుని వేలితో నొక్కింది.

ఫోను మోగింది. ఒకటి. ఆగి ఇంకొకటి. ఆ తరవాత ఆగలేదు. ఒళ్ళో వేసుకున్న పిట్టలా రెక్కలు కొట్టుకుంది. నెస్రీన్ గుండె పొంగిపోయింది. చూడలేదు. చూస్తే పోతుందేమోనన్నట్టు తన ఫోను తీసి తయ్యెబ్ మామకి చేసింది.

“తెచ్చెయ్యి మామా. అమ్మ ఎంత తీసుకునేదో అంతా తెచ్చెయ్యి.”

“బతికించావు తల్లీ. బస్తాలు ఎత్తిస్తున్నాను.”

అప్పుడు తెరిచి చూసింది.

“అల్లాహ్ ఆమెని కరుణించుగాక.”

“అల్లాహ్ కరుణించుగాక, స్వర్గంలో చోటిచ్చుగాక. మీకు ఓర్పునిచ్చుగాక.”

“అయ్యో మన్నూబియా అక్కా! ఇప్పుడా తెలిసేది! అల్లాహ్ కరుణించుగాక.”

కిందికి జరిపింది. ఇంకా కిందికి. స్ఫాక్స్ నుంచి ఒకావిడ, బిజెర్త్ నుంచి ఒకావిడ, ఎక్కడో చలిదేశం నుంచి మరొకావిడ. సీసా మాట ఎత్తినవాళ్ళు ఒక్కరు లేరు.

మెట్లు దిగి వస్తున్న మొహం చూసి ఖాల్తీ ఫోను లాక్కుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జరుపుకుని పెదాలు కదుపుతూ చదివింది.

“ఓసి పిచ్చిదానా!”

“ఏం తప్పు రాశాను ఖాల్తీ?”

“చావు కబురూ సరుకు కబురూ ఒకే నోటితో చెబుతారటే? పరామర్శకి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ‘మీ అమ్మని అల్లాహ్ కరుణించుగాక, నాకు రెండు సీసాలు కట్టు’ అంటారా? సిగ్గున్న ఆడది ఎవరైనా అంటుందా? వీళ్ళందరూ సిగ్గున్నవాళ్ళే. ఆ కాలేజీలో, ఆ చదువులో, ఇది చెప్పలేదా?”

చెప్పలేదు. ఎవరు కొంటారో చెప్పారు, ఎప్పుడు కొంటారో చెప్పారు. దుఃఖం ఉన్న చోట ఎవరూ బేరం అడగరని చెప్పలేదు. అది నేర్పాల్సిన మనిషి ఆ ఫోటోలో గరాటు పట్టుకుని నవ్వుతోంది.

“పూలు తెమ్మన్నాను ఖాల్తీ,” అంది నెస్రీన్ చిన్నగా. “బయల్దేరి ఉంటాయి.”

* * *

ఖాల్తీ తలపట్టుకుని లోపలికి పోయాక, బల్ల మీద వదిలేసిన ఫోనుని లొత్ఫీ అందుకున్నాడు. నెస్రీన్ అడ్డుకోలేదు. ఫోటోలు తీసేస్తాడనే అనుకుంది. ఇంక దాచుకోవడానికి ఏముందని ఊరుకుంది.

అతను తీసెయ్యలేదు. చదువుతున్నాడు.

“మా కోడలి పురుడప్పుడు పన్నీరు చుక్క పంచదార మీద వేసి ఎలా పెట్టాలో గంటసేపు చెప్పింది. అల్లాహ్ కరుణించుగాక.”

“ఆమీన్,” అన్నాడు లొత్ఫీ, పైకి వినపడీ వినపడకుండా.

“నేను ఎప్పుడూ చూడలేదు ఈ తల్లిని. గొంతు విన్నానంతే. మా అమ్మ చనిపోయిన ఏడాది ఈవిడే రోజూ నాతో మాట్లాడింది. అల్లాహ్ కరుణించుగాక.”

“ఆమీన్.”

ఇంకొకటి. ఇంకొకటి. కాసేపటికి మాట ఆగిపోయి పెదాలే కదిలాయి. కాసేపటికి అవీ ఆగిపోయాయి. అతను చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు.

“నెస్రీన్.”

“ఊఁ.”

“ఫోటో తీసేస్తే, దాని కింద రాసినవి ఉంటాయా?”

“ఉండవు. దాంతోపాటే పోతాయి.”

“ఇన్ని దువాలూ, ఇన్ని ప్రార్థనలూ?”

“అన్నీ.”

లొత్ఫీ ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టాడు. చూపు తల్లికి బరువు అనుకుని వచ్చాడు. చూసినవాళ్ళందరూ ఆమె కోసం చేతులెత్తి వెళ్ళారు. ఏది ఉంచాలో, ఏది తుడవాలో తేల్చుకోలేని మనిషిలా రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూచున్నాడు. నెస్రీన్ అతని పక్కన చాప మీద కూలబడింది. ఇల్లు పరామర్శకి వచ్చినవాళ్ళతో నిండిపోయిన ఆ మూడు రోజుల్లో కూడా అన్నాచెల్లెళ్ళు ఇలా పక్కపక్కన కూచోలేదు.

“నేను జవాబు రాస్తాను,” అంది చివరికి. “‘అడగడానికి మొహమాటపడకండి, విడిగా చెప్పండి’ అని. అమ్మ అయితే అలాగే అనేది. రాయనా?”

“రాయి.”

ఫోను తిప్పింది. తెర తెల్లగా ఉంది. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ కొట్టింది. తల్లి పుట్టిన ఊరు, కొడుకు పుట్టిన ఏడు. ఎప్పుడూ అదే. తీసుకోలేదు.

“ఏమైంది?”

“బయటికి తోసేసింది.”

తన ఫోనులోంచి తల్లి ఖాతా వెతికింది. ఉంది. అవే ఫోటోలు, అదే నవ్వు, అవే దువాలు. పేరు పైన మాత్రం చిన్న అక్షరాలతో ఇంతకు ముందు లేని మాట ఉంది. ‘స్మృతిలో.’

ఆమెకి ఆ మాట తెలుసు. ఎక్కడో చదివింది. మనిషి పోయిందని ఎవరో రుజువు పంపితే ఖాతాకి అలా రాస్తారు. రాశాక అందులోకి ఇంకెవరూ వెళ్ళలేరు. జవాబు ఇవ్వలేరు, కొత్తది రాయలేరు. ఉన్న ఫోటో తీయలేరు.

“ఎవరు చేశారిది?” నెస్రీన్ లేచి నిలబడింది. “నువ్వేనా?”

“అల్లాహ్ సాక్షి. నేను తుడవాలనుకున్నాను. బిగించాలనుకోలేదు.”

“మరణపత్రం తెచ్చింది నువ్వేగా పురపాలకం నుంచి!”

“తెచ్చి ఇక్కడే ఇచ్చాను, బీరువాలో పెట్టమని! ఖాల్తీ, నువ్వు గానీ ఎవరితోనైనా...”

“నేనా?” గుమ్మంలోకి వచ్చింది ఖాల్తీ. “నాకు ఆ ఫోనులో చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు. నా మీద వెయ్యండి, రండి. ఊళ్ళో ఏం జరిగినా సాల్హాయే చేసింది!”

“నేను,” అన్నాడు హేది.

కాగు పక్కన పెట్టాడు. చేతులకి అంటిన బూడిదని ప్యాంటుకి తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు.

“లొత్ఫీ ఫోను చేసి ‘అన్నీ చెరిపేస్తాను’ అన్నాడే, ఆ మర్నాడు బజార్లో ఫోన్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఈ ఫోటోలు ఎవరూ తుడవకుండా చెయ్యగలవా అని అడిగాను. ఒక దారి ఉందన్నాడు. కాగితం అడిగాడు, పట్టుకెళ్ళి ఇచ్చాను. కొన్నాళ్ళు పడుతుందన్నాడు. ఇంక అవ్వదులే అనుకున్నాను.”

“బాబా...” నెస్రీన్ ఆయన వైపు తిరిగింది. “దుకాణం కూడా దాంట్లోనే ఉంది కదా బాబా.”

“అది నాకు తెలీదమ్మా.” తల ఎత్తాడు. సగం మసకబారిన కళ్ళు. “గోడ మీద ఫోటో నాకు ఆనదు. ఆ ఫోనులో వేళ్ళతో లాగితే మొహం పెద్దదవుతుంది. మొహం ఒక్కటే, తెరంతా. అలాగైతే కనిపిస్తుంది. అందుకని.”

లొత్ఫీ లేచి తండ్రి దగ్గరికి రెండడుగులు వేసి, అక్కడే ఆగిపోయాడు. ఇంక ఆ ఫోటోని అతను తుడవలేడు. ఎవరూ తుడవలేరు. ఆ ఖాతా మీద ఒక్క సీసా కూడా ఇంక అమ్ముడుపోదు.

వీధిలో బండి హారన్ మోగింది. దాని వెనకే వాసన. తలుపు ఇంకా తీయకముందే గోడ దాటి లోగిలంతా నిండిపోయింది. పచ్చిది, తీయనిది, గొంతులో కొంచెం చేదుగా తగిలేది.

“అమ్మాయీ!” తయ్యెబ్ మామ కేక. “తలుపు తియ్యి, పువ్వు వేడెక్కిపోతోంది!”

కదిలింది లొత్ఫీయే. గడియ తీశాడు. మొదటి బస్తాని తనే భుజాన వేసుకుని వచ్చాడు. తల్లి పూలు పోసే తెల్ల దుప్పటి మడత విప్పి, మూలలు సర్ది, బస్తా బోర్లించాడు. పూలు జలజల రాలాయి. ఇంకో దానికోసం వెళ్తూ చెల్లెలి దగ్గర ఆగాడు.

“నీ సొంత ఖాతాలోంచి అమ్మ ఫోటో కింద రాయొచ్చా?”

“రాయొచ్చు. వచ్చినవాళ్ళందరిలాగే. దువాల మధ్యన.”

“దువాల మధ్యనే!” అంది ఖాల్తీ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. “మళ్ళీ అదేనా?”

“పూలు వచ్చేశాయి కదా ఖాల్తీ,” అన్నాడు లొత్ఫీ. ఆ తరవాత నెస్రీన్ వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. “రాయి. ఆ పేరు మాత్రం పెట్టకు.”

వెళ్ళిపోయాడు. హేది తడుముకుంటూ వెళ్ళి పొయ్యి దగ్గర కూచుని అగ్గిపుల్ల గీశాడు.

నెస్రీన్ దువాలన్నింటి అడుగుకి వెళ్ళింది. ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది. ‘నారింజపూల పన్నీరు కావలసినవాళ్ళు...’ అని రాసింది. ఎవరి పన్నీరు అని రాయాలి? ఆ పేరు లేకపోతే వీళ్ళలో ఒక్కరు కూడా ఆ సీసాని గుర్తుపట్టరు. ఆ పేరు ఉంటే, ఇప్పుడు బస్తా మోసుకొస్తున్న మనిషి ఈ గడప మళ్ళీ తొక్కడు.

మసీదులోంచి మగ్రిబ్ అజాన్ మొదలైంది. దుప్పటి మీద పూలు అప్పుడే మెల్లగా వెచ్చబడుతున్నాయి.

ఆమె వేలు ‘మ’ మీద ఆగింది.